మూడు పేర్లు, నలభై రోజులు

కాజీపేట,
10 ఫిబ్రవరి 2025.

సుప్రియా, బిడ్డా,

నేను మీ చిన్నమ్మ దీనమ్మను. చేతిరాత చూసి భయపడకు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. కాగితం మీద ఉత్తరం రాసి ఇరవై ఏళ్లయింది. జిరాక్స్ షాపులో రోజుకు వెయ్యి కాగితాలు నా చేతుల మీదుగా పోతాయి. అయినా ఒక తెల్ల కాగితం ముందు కూర్చునేసరికి చెమటలు పట్టాయంటే నమ్ము. ఏం చేయను? నువ్వేమో హైదరాబాదులో వెబ్‌సైట్లు పెట్టే మంచి ఉద్యోగం వదిలేసి, సిస్టర్‌నవుతానని నాగపూర్ మఠంలో చేరావు. ఈ ఏడాదంతా ఫోను ముట్టవద్దు, కంప్యూటర్ ముట్టవద్దు అన్నారట. ఉత్తరం రాయవచ్చని మీ నాన్న చెప్పాడు. అందుకే ఈ తిప్పలు.

విషయం ఏమిటంటే, నేను నోరు జారాను.

మార్చి ఇరవై ఏడున హనుమకొండలో పెద్ద మేళా ఉంది. హైదరాబాదు, బెంగళూరు నుంచి టోకున సరుకు కొనేవాళ్లు వస్తారు. స్టాలు కావాలంటే వెబ్‌సైట్ ఉండాలట. ఈ నెలాఖరుకల్లా దాని పేరు చెబితే మేళా పుస్తకంలో అచ్చు వేస్తారు. మేళా రోజు వాళ్ల సారు స్టాలు ముందు నిలబడి ఫోనులో ఆ పేరు కొట్టి చూస్తాడు. తెరుచుకుంటే స్టాలు, లేకపోతే ఇంటికి. ఆ దరఖాస్తు నింపించుకోవడానికి ధర్మసాగర్ అవతలి నుంచి చిలుకమ్మ అని ఒకామె నా షాపుకు వచ్చింది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొని, ఊళ్లో ముప్పై మంది ఆడవాళ్లను కూడగట్టి కారం పట్టిస్తుంది. ఆ కారం ఘాటుకు నా షాపు ముందున్న కుక్క కూడా తుమ్మింది.

"వెబ్‌సైట్ అంటే ఏందక్కా? గది యాడ దొరుకుతది?" అని అడిగింది.

"నా దగ్గర దొరుకుతది" అన్నాను.

ఎందుకు అన్నానో దేవుడికే తెలియాలి. పదో తరగతి తప్పిన దాన్ని అక్కా అక్కా అని అంత నమ్మకంగా అడిగితే, లేదని చెప్పబుద్ధి కాలేదు. మరునాటికి సకినాలు చేసే పద్మలత వచ్చింది. సాయంత్రానికి కొత్తవాడలో జంపఖానాలు నేసే యాకయ్య వచ్చాడు. ఇద్దరికీ సరే అన్నాను. మీ బాబాయి సుందర్ రావు సంగతి తెలుసు కదా, "నీకే ఈత రాదు, ఇంకా ముగ్గుర్ని వీపు మీద ఎక్కించుకుంటివా" అని నవ్వుతున్నాడు.

బిడ్డా, ఆ ముప్పై మంది ఈ ఏడాది కారం అంతా ఈ మేళా మీదే పెట్టుకున్నారు. నా మాట పోతే నేను ఓర్చుకుంటాను, వాళ్ల సరుకు పోతే నేను కాజీపేటలో తల ఎత్తుకోలేను. ఒక్కొక్కటీ చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పు. మూడు సైట్లకు మూడు కంప్యూటర్లు కొనాలా?

జవాబు కోసం పోస్టుమ్యాన్ దారి కాస్తూ,
దీనమ్మ చిన్నమ్మ


నాగపూర్,
16 ఫిబ్రవరి 2025.

ప్రియమైన చిన్నమ్మకు,

మీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో! ఇక్కడ మాకు వచ్చే ఉత్తరాలను మాలాంటి నొవిస్‌లను, అంటే ఇంకా శిక్షణలో ఉన్నవాళ్లను, చూసుకునే పెద్ద సిస్టర్ ముందుగా చూస్తారు. ఆమెది కేరళ, తెలుగు రాదు. అందుకని నేనే పైకి చదివి ఇంగ్లీషులో చెప్పాలి. కుక్క తుమ్మిన దగ్గర ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత "ఆ ఆడవాళ్ల కోసమైతే రాయి, కానీ ఒక్క ఉత్తరంలో ముగించు" అన్నారు.

మూడు కంప్యూటర్లు అక్కరలేదు, చిన్నమ్మా. రెండు వేర్వేరు వస్తువులు కొనాలి, ఈ రెండూ కలిపేసుకోకండి. ఒకటి పేరు. దాన్ని డొమైన్ అంటారు. రెండోది సరుకు పెట్టుకునే చోటు. అది హోస్టింగ్. ఎనుమాముల యార్డు గుర్తు చేసుకోండి. ఒకే షెడ్డు కింద ముగ్గురు రైతులు మూడు రాశులు పోసుకుంటారు కదా. అలాగే ఒక్క హోస్టింగ్ తీసుకుంటే మూడు సైట్లూ అందులోనే పట్టేస్తాయి. పేర్లు మాత్రం మూడూ విడివిడిగా కొనాలి, ఏడాదికోసారి మళ్లీ కట్టాలి. కొనేటప్పుడు అక్కడ 'ఒకటికంటే ఎక్కువ సైట్లు' అని రాసి ఉన్న హోస్టింగే ఎంచుకోండి.

పేరు పొట్టిగా ఉండాలి. ఫోనులో విన్నవాళ్లు తప్పు లేకుండా కొట్టగలగాలి. గీతలు, అంకెలు వద్దు. కొనేముందు షాపుకు వచ్చిన పదిమందికి నోటితో చెప్పి టైపు చేయమనండి. పదిమందీ ఒకేలా కొడితే అదే పేరు.

ఒక్క ఉత్తరమని మొదలుపెట్టి నాలుగు పేజీలు నింపాను. వెనక పేజీలో మీటలు ఎక్కడెక్కడ ఉంటాయో బొమ్మలు గీశాను. గంట కొడుతున్నారు, తోటకు నీళ్లు పెట్టే వంతు నాది.

మీ గురించి సంతోషపడుతూ,
సుప్రియ


కాజీపేట,
25 ఫిబ్రవరి 2025.

సుప్రియా బిడ్డా,

కొన్నాను! నిన్న పొద్దున పదకొండుకు మూడు పేర్లూ కొన్నాను! చిలుకమ్మ కారం డాట్ కామ్, పద్మలత సకినాలు డాట్ కామ్, కొత్తవాడ జంపఖానా డాట్ కామ్. నువ్వన్నట్టు పదిమందితో కొట్టించాను. జంపఖానా దగ్గర ముగ్గురు తప్పారు కానీ యాకయ్య ఆ మాట వదలనంటే వదలనన్నాడు. "మా తాత నేసింది జంపఖానా, నేను నేసేది జంపఖానా. కొనేటోళ్లు నేర్చుకుంటరు తియ్" అన్నాడు. పేర్లు మేళా పుస్తకానికి ఇచ్చేశాను, అచ్చుకు కూడా పోయాయి. ఇక మార్చడానికి లేదు.

డబ్బు కట్టగానే తెర మీద అభినందనలు అని వచ్చింది చూడు, నాకు పూనకం వచ్చినంత పనైంది. అందరికీ ఫోన్లు చేసి పిలిచాను. చిలుకమ్మ పది మంది ఆడవాళ్లతో ఆటో కట్టించుకుని వచ్చింది. పేరు కొట్టాను. తెరుచుకుంది. అందులో బూట్ల ప్రకటన! కింద ఇంకో ప్రకటన, బరువు తగ్గే మందుది. చిలుకమ్మ చాలాసేపు చూసి, "అక్కా, మన పేరు పెట్టుకొని ఎవడో బూట్లు అమ్ముతాండు. పోలీసోళ్లకు చెప్దామా?" అంది.

మీ బాబాయి ఊరుకుంటాడా? "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఆ పదిమంది ముందే అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. హోస్టింగ్ కూడా కొన్నాను, మూడు రాశులకు సరిపోయేదే. మరి ఆ బూట్లవాడు ఎవడు? మన పేరు ఎలా ఎత్తుకుపోయాడు? తొందరగా రాయి బిడ్డా, స్పీడ్ పోస్టులో వేయి.

కంగారుగా, అయినా హుషారుగా,
చిన్నమ్మ


నాగపూర్,
1 మార్చి 2025.

ప్రియమైన చిన్నమ్మకు,

పోలీసులకు చెప్పకండి! ఎవరూ ఎత్తుకుపోలేదు. పేరు కొని దానికి చోటు చూపించకపోతే, అమ్మిన కంపెనీవాళ్లే ఆ ఖాళీ తలుపుకు తమ ప్రకటనలు అంటించుకుంటారు. మీరు పేరు కొన్నారు, చోటు కొన్నారు, ఆ రెండింటినీ కలపలేదు. అంతే.

కలపడం ఇలా. హోస్టింగ్‌వాళ్లు మీకు రెండు వరుసలు ఇచ్చి ఉంటారు, నేమ్‌సర్వర్లు అంటారు వాటిని. పేర్లు కొన్న చోటికి వెళ్లి, మూడు పేర్లకూ ఆ రెండు వరుసలే పెట్టండి. తర్వాత హోస్టింగ్ వైపు వెళ్లి మూడు పేర్లనూ ఒక్కొక్కటిగా చేర్చండి, ఒక్కోదానికి ఒక్కో అర దొరుకుతుంది. పెట్టిన వెంటనే తెరుచుకోదు. ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఆలోగా ముట్టకండి చిన్నమ్మా, చేతులు కట్టుకుని కూర్చోండి. పేజీలు ఎలా పెట్టాలో మిగతా ఆరు కాగితాల్లో రాశాను.

ఇంకో ముఖ్యమైన మాట. పేర్లు కొనగానే మీ మెయిల్‌కు ఒక ఉత్తరం వచ్చి ఉంటుంది, ఆ మెయిల్ మీదేనని ఒప్పుకోమని. అందులోని లింకు పదిహేను రోజుల్లో నొక్కకపోతే పేర్లు ఆపేస్తారు. మీరు రోజూ మెయిల్ చూసేవారే కాబట్టి నొక్కే ఉంటారు.

బుధవారం నుంచి మాకు తపస్కాలం మొదలు. ఈస్టర్ దాకా నలభై రోజులు. అది మీకు తెలిసిందే కదా. అందుకే తెలిసినదంతా ఇందులోనే కూరి పంపుతున్నాను. నిన్న పూజలో కూర్చుని కూడా మీ మూడు పేర్లకు అరలు ఎలా కట్టాలా అని ఆలోచించాను. సిస్టర్‌కు చెబితే, "అయితే ఆ ఆడవాళ్ల కోసం ప్రార్థన చేసినట్టే అనుకో" అన్నారు.

మీకు, ఆ ముప్పై మందికి మేలు కోరుతూ,
సుప్రియ


కాజీపేట,
7 మార్చి 2025.

నా బంగారు సుప్రియకు,

తెరుచుకున్నాయి! మూడూ తెరుచుకున్నాయి! నీ ఉత్తరం నాలుగున అందింది. ఆ రోజే నీ ఆరు కాగితాలు చూస్తూ ఫొటోలతో పేజీలు కట్టాను, రెండు వరుసలూ పెట్టాను. నువ్వు ముట్టవద్దన్నావు, నిజమే. కానీ గంటయినా తెరుచుకోకపోతే ఎలా ఊరుకోమంటావు? తీసి మళ్లీ పెట్టాను. ఇంకో గంటకు ఇంకోసారి. చివరికి మీ బాబాయి మౌసు పీకి బీరువాలో పెట్టి తాళం వేశాడు. నిన్న పొద్దున తాళం తీసేసరికి చిలుకమ్మ కారం ఎర్రగా తెర నిండా ఉంది. బూట్లవాడు పోయాడు. కేక పెట్టాను. పక్క టిఫిన్ సెంటరువాళ్లు ఎవరికో షాకు కొట్టిందని కర్ర పట్టుకుని వచ్చారు.

చిలుకమ్మ తన ఫొటో చూసుకుని "గిట్ల నవ్విన్నా నేను?" అని అడిగింది. యాకయ్య తన జంపఖానా మీద వేలు పెట్టి పెద్దది చేసి పోగులు లెక్కపెట్టుకున్నాడు. అంత సంతోషం నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు.

నువ్వు చెప్పిన ఆ మెయిల్ మాత్రం నాకు రాలేదు. రాకపోతే రాకపోయింది, పేర్లు నడుస్తున్నాయిగా. అయినా మెయిల్ అడిగిన చోట నేను ఎప్పటిలాగే నీదే పెట్టాను. మన ఇంట్లో గ్యాసుకైనా, కరెంటుకైనా, మీ నాన్న రైల్వే కాగితాలకైనా నీ మెయిలే కదా. చదువుకున్న పిల్లది ఉండగా నాది ఎందుకు?

ఇప్పుడు మనసులో మాట చెబుతాను. నీ ఉత్తరాలు చదివాక నాకు ఒకటి తెలిసింది. పూజలో కూర్చుని అరలు కట్టే పిల్లకు మఠం ఎందుకు? నువ్వు ఆ పని కోసం పుట్టావు. వచ్చెయ్. నేను షాపు సగం నీకు ఇస్తాను, వరంగల్ జిల్లా మొత్తం సైట్లు మనమే పెడదాం. దేవుడు ఏమీ అనుకోడు, ఆయన దగ్గర పనివాళ్లకు కొదవా? తప్పుగా అనుకోకు, నాకు నీ మీద ఆశ చావలేదు.

నువ్వు తిరిగి వస్తావని నమ్ముతూ,
చిన్నమ్మ


కాజీపేట,
13 మార్చి 2025.

సుప్రియా,

మొన్న పదకొండున మూడు పేర్లూ పోయాయి. బూట్లవాడు కూడా లేడు, ఏమీ లేదు, ఉత్త తెల్లటి తెర. పేర్లు అమ్మిన కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అనిల్ అని ఒకతను ఎత్తాడు. "మేడమ్, పదిహేను రోజుల్లో మెయిల్ ఒప్పుకోలేదు, అందుకని ఆపేశాం" అన్నాడు. మెయిల్ మార్చండి నాయనా అంటే, పాత మెయిల్‌కే ఒక నంబరు పంపుతాం, అది చెబితే మారుస్తాం అంటాడు. పాత మెయిల్ నీది. నువ్వేమో మఠంలో. చదువుకున్న పిల్లది అని గొప్పగా పెట్టాను చూడు, నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

నీకు రాసి వారం అయింది, జవాబు లేదు. ఎప్పుడూ నాలుగో రోజుకు వచ్చేది. వచ్చెయ్ అన్నందుకు కోపం వచ్చిందా? వస్తే నన్ను తిట్టు, చిలుకమ్మను శిక్షించకు. పాస్‌వర్డ్ ఒక్క ముక్క రాసి పంపు చాలు. పద్నాలుగు రోజులే ఉన్నాయి.

దండం పెడుతూ,
దీనమ్మ


కాజీపేట,
20 మార్చి 2025.

సుప్రియా బిడ్డా,

ఈ ఉత్తరం నువ్వు ఇప్పుడు చదవవని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను, రాయకపోతే నా తల పగిలిపోతుంది.

పదమూడున నీకు ఉత్తరం వేసి, ఆగలేక మీ మఠానికి ఫోన్ చేశాను. ఒక సిస్టర్ ఎత్తింది. నాకొచ్చిన హిందీలో సుప్రియను పిలవండి అన్నాను. "ఎవరైనా చనిపోయారా?" అని అడిగింది. ఒక్క క్షణం, బిడ్డా, ఒకే ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది, మీ బాబాయిని చంపేద్దామని. మింగేశాను. లేదండి అన్నాను. "అయితే ఈస్టర్ తర్వాత. తపస్కాలంలో వాళ్లకు ఉత్తరాలూ ఫోన్లూ ఉండవు, వచ్చినవన్నీ దాచి పండుగ రోజు ఇస్తాం" అంది. నాకేం తెలుసు? నేను పుట్టి పెరిగింది బాప్టిస్టు సంఘంలో. మీ అమ్మ మీ నాన్నను చేసుకుని ఆర్‌సీఎం కాథలిక్కు అయింది కానీ నేను కాలేదు కదా. మా దగ్గర ఈ నలభై రోజులూ శుక్రవారం ప్రార్థన కూటాలే. ఉత్తరాలు ఆపుతారని ఎవరు అనుకుంటారు? నువ్వు అలిగావని వారం రోజులు ఏడ్చాను, పిచ్చిదాన్ని.

అసలు సంగతి ఇప్పుడు వస్తుంది. నీ పాత సిమ్ మీ నాన్న వాడుతున్నాడని గుర్తొచ్చింది. నీ మెయిల్ పాస్‌వర్డ్ మరిచిపోయామని చెబితే ఆ సిమ్‌కు నంబరు వస్తుంది, దానితో తెరవొచ్చు. మీ నాన్న, అదే మా ఫ్రాన్సిస్ బావ, గూడ్స్ బండి మీద బల్లార్షా పోయాడు, బండి నడిపేటప్పుడు ఫోను బంద్ ఉంటుంది. పదిహేనున దిగుతాడని తెలిసి స్టేషన్ దగ్గరే పడిగాపులు కాశాను. దిగాడు. టీ కొట్టు బెంచీ మీద కూర్చోబెట్టి, నా ఫోనులో నొక్కాను. బావ ఫోను టింగుమంది. ఆరంకెల నంబరు వచ్చింది.

బావ దాన్ని అరచేతితో మూశాడు. "దీనా, ఇది బిడ్డ సొంత పెట్టె. దాన్ని అడగకుండ తెరుస్తవా? అవసరం పెద్దదే, నేను కాదంటలేను. నువ్వే చెప్పు, చెప్పమంటే చెప్త" అన్నాడు.

నేను చెప్పమనలేదు.

ఎందుకో విను. లింకు ఒక్కటే నొక్కి వస్తానని బావకు చెప్పగలను, నాకు నేను చెప్పుకోలేకపోయాను. నీ పాత ఆఫీసువాళ్లు తిరిగి రమ్మని రాశారేమోనని వెతికేదాన్ని. ఉంటే వాళ్లకు నీ పేరుతో జవాబు కూడా రాసేదాన్నేమో. నన్ను నేను నమ్మలేదు, బిడ్డా. అంత దొంగబుద్ధి నాలో ఉందని ఆ బెంచీ మీదే తెలిసింది. టీ చల్లారిపోయింది. నంబరు గడువు కూడా అయిపోయింది.

అక్కడి నుంచి తిన్నగా షాపుకు వచ్చి అనిల్‌కు ఫోన్ చేశాను. మెయిల్ లేకుండా ఇంకో దారి చెప్పు అన్నాను. ఉందట! కొన్నది నేనేనని రుజువు చూపాలి. పేర్లు నా పేరు మీదే ఉన్నాయి కాబట్టి ఆధార్, డబ్బు కట్టిన రసీదు, నా సంతకం పంపితే పరిశీలిస్తారు. ఏడు పనిదినాలు పడుతుంది, ఇరవై ఐదో తారీఖు. ఆ రోజే పంపాను. ఈసారి నా సొంత మెయిల్ పెట్టాను. ఇప్పుడు గంటకోసారి తెరిచి చూస్తున్నాను.

చిలుకమ్మకు నిజం చెప్పేశాను, తప్పు నాదేనని. తిడుతుందనుకున్నాను. "నీ తప్పు నువ్వు చెప్తివి, ఫికర్ చెయ్యకు. సరుకు మూటలు కట్టుడు మాత్రం నేను ఆపను" అంది. ఇంక నాకు నిద్ర ఎక్కడిది?

నువ్వు చదివేనాటికి ఏది ఎలా అయినా,
మీ చిన్నమ్మ


కాజీపేట,
28 మార్చి 2025.

బిడ్డా, సుప్రియా!

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకో. వరసగా చెబుతాను.

ఇరవై ఐదున ఏమీ రాలేదు. ఇరవై ఆరు మధ్యాహ్నం సకినాలు, జంపఖానా రెండూ లేచాయి. చిలుకమ్మది లేవలేదు! అనిల్‌కు ఫోన్ చేస్తే, "అది కూడా ఒప్పుకున్నాం మేడమ్, లేవడానికి కొంత టైమ్ పడుతుంది" అన్నాడు. ఎంత టైమ్ అంటే రేపటిలోగా అన్నాడు. రేపే కదయ్యా మేళా!

నిన్న పొద్దున తొమ్మిదికే హనుమకొండ మైదానంలో ఉన్నాం. చిలుకమ్మ బల్ల మీద కారం ప్యాకెట్లు దొంతర పెట్టింది. నేను ఆమె వెనక నిలబడి ఫోనులో ఆ పేరే కొడుతున్నాను, తెల్ల తెర, తెల్ల తెర. మేళా సారు పుస్తకం చేత పట్టుకుని వరసగా వస్తున్నాడు. పద్మలతది చూశాడు, టిక్కు. యాకయ్యది చూశాడు, జంపఖానా రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారి తెరిచాడు, టిక్కు. చిలుకమ్మ బల్ల ముందుకు వచ్చి ఫోను తీశాడు.

నేను ఎదురుపోయి నిలబడ్డాను. "సార్, ఇది ఇప్పుడు తెరుచుకోదు. పేరు ఈమెదే, పుస్తకంలో ఉంది, డబ్బు కట్టింది, కాగితం ఇదిగో. మెయిల్ పెట్టడంలో నేను తప్పు చేసిన. దిద్దిన. నేమ్‌సర్వర్లు సరిగనే ఉన్నయి, ఇయ్యాల లేస్తది. మీరు ఆ చివరిదాక చూసుకొని మళ్ల రండి, అప్పటికి లేవకుంటే మేమే మూటలు సర్దుకుంటం" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యం, ఇంత సంగతి నాకు ఎప్పుడు తెలిసిందా అని. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరేం చదువుకున్నరమ్మా?" అని అడిగాడు. పది తప్పిన సార్ అన్నాను. నవ్వి ముందుకు పోయాడు.

పదకొండు నలభైకి లేచింది. చిలుకమ్మ ముఖం, ఎర్ర కారం, అన్నీ! నేను అరిచిన అరుపుకు సారు పరుగెత్తుకు వచ్చాడు. టిక్కు పెట్టాడు. సాయంత్రానికి బెంగళూరు ఆమె ఒకతె చిలుకమ్మ కారం నాలిక మీద వేసుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ ఏడాదికి సరిపడా ఒప్పందం రాసింది. ముప్పై మందికీ పని దొరికింది, బిడ్డా! చిలుకమ్మ నన్ను ఎత్తి ఒక చుట్టు తిప్పింది. ఆమె బలం ఏమని చెప్పను, నా నడుము ఇంకా నొస్తోంది.

తర్వాత మేళా నుంచే ఐదుగురు వచ్చి మాకూ సైటు పెట్టండి అని అడిగారు. మొదట ఏమడిగానో తెలుసా? మీ ఇంట్లో మెయిల్ రోజూ ఎవరు చూస్తారు అని.

గెలిచిన మీ చిన్నమ్మ,
దీనమ్మ


నాగపూర్,
20 ఏప్రిల్ 2025, ఈస్టర్.

ప్రియమైన చిన్నమ్మకు,

ఈ పొద్దున పూజ అయ్యాక నా చేతికి మీ ఉత్తరాలు నాలుగూ ఒక కట్టగా ఇచ్చారు. తారీఖుల వరసన పెట్టుకుని పెద్ద సిస్టర్‌కు పైకి చదివాను. పేర్లు పోయిన దగ్గర ఆమె కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "తర్వాతది తీయి, తర్వాతది" అని తొందర. కారం పేజీ లేచిందనగానే ఇద్దరం చప్పట్లు కొట్టాం. వంటింట్లోంచి మిగతా నొవిస్‌లు వచ్చి పండుగకేమైనా అతిథులు వచ్చారా అని అడిగారు.

కానీ టీ కొట్టు బెంచీ దగ్గర నేను చదవలేకపోయాను. సిస్టర్ నీళ్లు ఇచ్చి, ఆ ఒక్క కాగితం నన్ను ఒంటరిగా చదువుకోమన్నారు.

చిన్నమ్మా, ఒక నిజం చెబుతాను. ఆ మెయిల్‌ను మూయకుండా వచ్చింది మరిచిపోయి కాదు, కావాలనే. ఆఫీసువాళ్లు ఏడాదిలోగా ఎప్పుడైనా రా అన్నారు. వాళ్ల ఉత్తరాలు అందులో ఉండే ఉంటాయి. ఇక్కడ కుదరకపోతే పోవడానికి ఒక తలుపు ఉంచుకున్నాను. మీకు మీ మీద నమ్మకం లేదన్నారు. నాకూ నా మీద లేదు, అందుకే ఉంచుకున్నాను. మీకు అంత అవసరమై కూడా, అంత ఆశ ఉండి కూడా, ఆ తలుపు తెరవలేదు. నాది నాకే వదిలేశారు. ఈ నలభై రోజులూ నేను చేసిన తపస్సు కంటే మీరు ఆ బెంచీ మీద చేసింది పెద్దది.

నేను ఇక్కడే ఉంటాను, చిన్నమ్మా. సంతోషంగా ఉంటాను. పాస్‌వర్డ్ వేరే చీటీ మీద రాసి పెట్టాను. గ్యాసు, కరెంటు, నాన్న కాగితాలు అన్నీ మీ మెయిల్‌కు మార్చుకుని, నాది పూర్తిగా తీసేయండి. మీరే తీసేయాలి, ఇంకెవరూ వద్దు.

మరో మాట. పెద్ద సిస్టర్ మా దవాఖానాకూ బడికీ రెండు సైట్లు కావాలన్నారు. నన్ను చేయమంటారేమో అనుకున్నాను. "మీ ఆంటీ వస్తారా?" అని అడిగారు.

ఈస్టర్ ఆనందంతో,
సుప్రియ


కాజీపేట,
30 ఏప్రిల్ 2025.

సుప్రియా బిడ్డా,

మీ సిస్టర్ గారికి ఈ నాలుగు మాటలు ఇంగ్లీషులో చెప్పు. వస్తాను. రెండు పేర్లు ముందే అనుకుని పెట్టండి, పదిమందితో కొట్టించి చూడండి. కానీ ఒక షరతు. ఈ పనిలో సుప్రియను కూర్చోబెట్టకూడదు, సలహా కూడా అడగకూడదు. ఆ పిల్ల వచ్చిన పని వేరే, అది చేసుకోనివ్వండి. కంప్యూటర్ సంగతి నేను చూసుకుంటాను.

ఇక నువ్వు చెప్పిన పని. నిన్న మధ్యాహ్నం షాపు షట్టర్ సగం దించి మీ అమ్మను, నాన్నను కూర్చోబెట్టుకున్నాను. గ్యాసు, కరెంటు, రైల్వేవి, ఇంకా మీ బాబాయి జీవిత బీమా, అన్నీ నా మెయిల్‌కు మార్చేసరికి రెండు గంటలు పట్టింది. ఇంట్లో ఎన్నింటికి నీ పేరు వాడుకున్నామో చూసి సిగ్గేసింది. తర్వాత నీ మెయిల్ తెరిచాను. వచ్చిన ఉత్తరాలు కనిపించే చోట తెరకు అడ్డంగా అట్టముక్క ఒకటి టేపు పెట్టి అంటించాను, కన్ను పోకుండా. బావ నవ్వాడు.

తీసేసే మీట దగ్గరికి వచ్చాం. ఒకసారి తీస్తే తిరిగి రాదు, ఖాయమేనా అని కంప్యూటర్ అడిగింది. నా వేలు ఆగిపోయింది, బిడ్డా. నువ్వు తిరిగి వస్తావని ఇన్నాళ్లుగా మోస్తున్న ఆశ అంతా ఆ మీట మీద పడింది. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వే తియ్యాలని రాసింది కదనే, తియ్" అంది.

నొక్కాను. ముగ్గురం ఏడ్చాం. దాచను, బాగా ఏడ్చాం. కాసేపటికి షట్టర్ కింద నుంచి ఎవరో తల పెట్టి "వెబ్‌సైట్లు పెట్టేది ఇక్కడేనా అక్కా?" అని అడిగారు. కళ్లు తుడుచుకుని షట్టర్ పైకి లేపాను.

మే పన్నెండో తారీఖు పొద్దున బండికి టికెట్ తీసుకున్నాను. నువ్వు ఇక ఇక్కడికి రావు, అది నాకు తెలిసింది. నేను రాగలను కదా. మధ్యాహ్నానికల్లా మీ గేటు దగ్గర ఉంటాను.

మీ చిన్నమ్మ,
దీనమ్మ